కళ్ళద్దాలాయన వెనక సీటు

మా వీధి కళ్ళద్దాలాయనకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ వస్తువునైనా సరే, రెండోదాని పక్కన పెట్టి చూడందే ఒప్పుకోడు. చూశాక కూడా ఒప్పుకోడు. మళ్ళీ మొదటిది చూస్తానంటాడు.

ఇది అతని వృత్తిలోంచి వచ్చిన జబ్బే. షాపులో ఒక ఎత్తు కుర్చీ ఉంది. అందులో మనల్ని కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము తగిలించి, గోడమీద అక్షరాలు చూడమని, గుండ్రటి అద్దాలు ఒకటి తీసి ఒకటి పెడుతుంటాడు. "ఇది బాగుందా?" టక్కున అద్దం మారుస్తాడు. "అది బాగుందా?" మళ్ళీ టక్. "ఇదా? అదా?" మనం విసిగిపోయి ఏదో ఒకటి అన్నామా, "తొందరేం లేదు, మళ్ళీ ఇది చూడండి" అంటాడు. ముప్పై ఏళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే పని చేస్తే మనిషి ఏమవుతాడు? ఇలాగే అవుతాడు. వీధిలో అందరం అతన్ని వెనకాల 'ఇదా-అదా' అంటాం. ముందర కూడా అంటాం. ఏమీ అనుకోడు. ఆ పేరు బాగుందా, అసలు పేరు బాగుందా అని ఆలోచనలో పడతాడు.

అతని షాపు మా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నేనేమీ పనిగట్టుకుని చూడను. కిటికీ అక్కడుంది, కుర్చీ కిటికీ దగ్గరుంది, నేను కుర్చీలో ఉంటాను. అంతే.

ఒకసారి సెలూనులో కూర్చుని, పాపిడికి కుడిపక్క జుట్టు పొట్టిగా, ఎడమపక్క పొడుగ్గా కత్తిరించమన్నాడు. ఏది నప్పుతుందో తేల్చుకోవడానికట. ఆరు వారాలు అలాగే తిరిగాడు. ఎదురైన వాళ్ళకల్లా తల ఇటు తిప్పి "ఇదా?" అనేవాడు, అటు తిప్పి "అదా?" అనేవాడు. సంగీతం టీచరమ్మ కుడి అంది. నేను ఎడమ అన్నాను. తేలే లోపల పొట్టిది పెరిగి పొడుగుదాన్ని అందుకుంది. పొడుగుదానికి విసుగొచ్చి పెరగడం మానేసిందని మా అందరి నమ్మకం.

అతని భార్యని ఒకసారి అడిగాను. "మరదలా, మరి నిన్ను చేసుకునేటప్పుడు ఏమన్నాడు?"

"అప్పుడు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు వదినగారూ."

"అదెలా?"

"మా అమ్మా నాన్నలకి నేనొక్కదాన్నేగా. పక్కన పెట్టి చూడ్డానికి రెండోది లేదు."

ఈ మనిషికి ఒక మోటారు సైకిలుంది. మామూలు రోడ్డుబండి కాదు. రాళ్ళబాటలకీ కొండదారులకీ అని చేసిన ఎత్తు బండి. అలాగని గొప్పదీ కాదు. ఆ జాతిలో ఇది పేదింటి బిడ్డ. పొడుగు కాళ్ళు, సన్నటి నడుం, ముందు చక్రం మీద పక్షి ముక్కులాంటి రేకు; నిలబెడితే అచ్చం కొంగలా ఉంటుంది. ఇంజను మాత్రం చిన్నది. మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకు ఎత్తు ఎక్కేటప్పుడు, నడిచి వెళ్ళేవాళ్ళు దాన్ని దాటుతూ "బాగున్నారా?" అని పలకరిస్తారు. అతను బాగున్నానని చెప్పేసరికి వాళ్ళు కనుచూపుమేరలో ఉండరు.

ఆ ఎత్తు మీదే పెద్దాసుపత్రి ఉంది. ఆసుపత్రి పక్కన మోటారు సైకిళ్ళ షోరూం. ఆ షోరూం అద్దం వెనక, రెండేళ్ళ కిందట, ఇంకొక ఎత్తు బండి వచ్చి కొలువుదీరింది. మన కొంగ పక్కన అది ఏనుగు. రెట్టింపు ఇంజను, ఇరుపక్కలా ఇనప పెట్టెలు, పగలు కూడా వెలిగే దీపాలు. దాన్ని చూసిన రోజే మన ఇదా-అదా పని అయిపోయింది.

"అక్కయ్యగారూ, ఉన్న బండి నన్ను ఒక్కసారి కూడా నడిరోడ్డు మీద వదిలెయ్యలేదండీ."

"అయితే ఉంచుకో."

"కానీ అది ఉంది చూశారూ, ఊరికి ఉత్తరాన కనిపించే నీలం కొండని ఒక్క పూటలో దాటించేస్తుందట. నాకు యాభై ఏళ్ళొచ్చాయి. ఆ కొండ అవతల ఏముందో ఇంతవరకూ చూళ్ళేదు."

"అయితే కొనుక్కో."

"కానీ దీని చప్పుడు నాకు అలవాటు."

"ఉంచుకోవయ్యా మరి!"

"మీరు తొందరపడుతున్నారు. మళ్ళీ మొదట్నించి చెప్తాను, వినండి."

ఇలా ఒకరోజు కాదు, రెండేళ్ళు. కొన్నాళ్ళకి కొత్త మాట ఒకటి పట్టుకొచ్చాడు. బండి నడిపేవాడు ముందు సీటు సంగతే చెప్పగలడట. వెనక సీటు అభిప్రాయం లేకుండా ఏ బండి సంగతీ తేలదట. కాబట్టి వీధిలో తెలిసినవాళ్ళు, అనుభవజ్ఞులు, వెనక కూర్చుని తనకి సాయం చెయ్యాలట. చప్పుడు పరీక్షకి సంగీతం టీచరమ్మని అడిగాడు. సీటు పరీక్షకి టైలరు మాస్టారిని అడిగాడు. నా దగ్గరికొచ్చి, మాట పరీక్ష అన్నాడు.

"మాట పరీక్ష అంటే ఏమిటి తమ్ముడూ?"

"బండి మీద పోతుంటే వెనకవాళ్ళ మాట ముందువాడికి వినిపించాలి కదండీ. ఏ బండి మీద ఎంత వినిపిస్తుందో చూడాలి. మీరు వెనక కూర్చుని ఆపకుండా మాట్లాడాలి."

"ఆపకుండా అంటే?"

"ఇప్పుడు మాట్లాడుతున్నట్టే."

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నన్నొక నిపుణురాలిగా గుర్తించి పిలిచినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. నా కుడి మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. ఇంట్లో మెట్లు దిగడమే గగనంగా ఉంది. అయినా ఒక మనిషి ఇంత అవస్థ పడుతుంటే కాదనగలమా? సీటు ఎత్తు కాబట్టి ఎక్కడానికని ఒక చెక్క పీట బండి వెనక కట్టుకుని తిరిగేవాడు. పీట దింపి, నా చెయ్యి పట్టుకుని, ఎడమవైపు నించి ఎక్కించేవాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం నా పరీక్ష. వీధి మలుపు దగ్గర మొదలుపెట్టి, ఎవరింట్లో ఎవరొచ్చారు, ఎవరెందుకు వెళ్ళిపోయారు, అన్నీ చెప్పుకుంటూ పోయేదాన్ని. ఆ బండి నడక పుణ్యమా అని ఎంత పెద్ద కబురైనా దారిలోనే పూర్తయ్యేది.

నీళ్ళ ట్యాంకు దాటాక మా చెల్లెలి ఇల్లు. సరిగ్గా దాని గేటు ముందుకి రాగానే బండి ఆపేసేవాడు.

"ఇంజను వేడెక్కిందండీ. గంటన్నర చల్లారాలి."

"అయ్యో! పోనీలే, మా చెల్లెలి ఇంటి ముందే ఆగింది. లోపలికెళ్ళి కూర్చుంటాను."

"అలాగే కానివ్వండి. నేనిక్కడ దీని సంగతి చూస్తాను."

ఒక నెల కాదు, రెండు నెలలు కాదు. ప్రతి నెలా అదే గేటు, అదే వేడి, అదే గంటన్నర. బండి పాతబడిందనడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? ప్రతిసారీ దిగుతూ చెప్పేదాన్ని. "ఈ వేడెక్కే రోగానికైనా బండి మార్చు తమ్ముడూ." అతను బుర్ర గోక్కుని, "మళ్ళీ నెల ఇంకోసారి చూసి తేల్చుకుందామండీ" అనేవాడు.

ఇక టైలరు మాస్టారి గురించి చెప్పాలి. ఒకరి దగ్గర ఏదీ ఊరికే పుచ్చుకోని మనిషి. ఒకసారి మా చెట్టు నిమ్మకాయ ఒకటి ఇస్తే, మర్నాడు పొద్దున్నే అంచు కుట్టిన చేతిరుమాలు తెచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మళ్ళీ నిమ్మకాయ ఇవ్వడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆయనకి కిందటేడు కుడి చెయ్యి పడిపోయింది. నీళ్ళ ట్యాంకు ఎత్తు మీది ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు చేతికి వ్యాయామం చేయిస్తే మళ్ళీ స్వాధీనంలోకి వస్తుందన్నారు. బస్సు ఆ ఎత్తు కింద దింపుతుంది. అక్కణ్ణించి నూట పది మెట్లు. ఎవరైనా తీసుకెళ్తామంటే, "నన్నెవరూ ఊరికే మొయ్యక్కర్లేదు" అనేవారు. కళ్ళద్దాలాయన మటుకు సీటు సంగతి ఎత్తాడు. కుట్టు, మెత్త, బిగువు, ఇవన్నీ మాస్టారు తప్ప ఇంకెవరు చెప్పగలరన్నాడు. ఇక్కడినించి పాత బండి సీటు మీద వెళ్ళాలి, షోరూంలో ఏనుగు సీటు చూడాలి, మళ్ళీ పాత సీటు మీద తిరిగి రావాలి. ఇదా, అదా?

"అతని కోసం నాకిదొక పని చెల్లెమ్మా," అని మాస్టారు నాతో విసుక్కునేవారు. "మంగళవారం, శుక్రవారం ఈ సీటు గొడవే. ఎలాగూ అక్కడిదాకా పోతున్నాను కదా అని ఆసుపత్రిలో చెయ్యి కూడా చూపించుకుని వస్తున్నా."

ఆ విసుగులోనే ఆయన వేళ్ళలో కదలిక వచ్చింది. మొదట కప్పు పట్టుకున్నారు. తరవాత గుండీ. సూది పట్టుకోవడం ఒక్కటే మిగిలింది.

ఇలా సాగిపోతుంటే, ఒకనాడు మరదలు వచ్చి నా ఎదుట కూలబడింది. "వదినగారూ, ఆ పెద్ద బండి బొమ్మల కాగితాలు మా బీరువాలో నా బట్టలకన్నా ఎక్కువున్నాయి. నిన్న నాకు రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చి, ఇది బాగుందా అది బాగుందా అని అడిగారు. రెండూ ఒకే బిందెలోవి. ఆ బండి సంగతి ఏదో ఒకటి మీరే తేల్చండి, మీకు దణ్ణం పెడతాను."

"నాకప్పగించు," అన్నాను. ఇంకొకరి సంగతి తేల్చమని నన్ను అడగడమంటే చేపని ఈదమని అడగడమే.

ఆ శనివారం మధ్యాహ్నం మరదల్నీ, టీచరమ్మనీ, మాస్టారినీ వెంటబెట్టుకుని షాపులోకి వెళ్ళాను. అతన్ని అతని ఎత్తు కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఇనప ఫ్రేము అతని ముక్కు మీదే తగిలించాను. గోడమీది అక్షరాల మీద రెండు బొమ్మలు అంటించాను: ఒకటి కొంగ, ఒకటి ఏనుగు.

"ఇదా?" అని ఒకటి అరచేత్తో మూశాను. "అదా?" అని రెండోది మూశాను.

"అక్కయ్యగారూ, మళ్ళీ ఇది చూపించండి."

"మళ్ళీలు లేవు. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు జవాబు చెప్పందే లేవకూడదు. ఈ పద్ధతి నువ్వు పెట్టిందే."

అతను చేతులు నలుపుకున్నాడు. "వెనక సీటు అభిప్రాయాలు ఒకసారి..."

"అందుకే అందర్నీ తెచ్చాను. చెప్పండి టీచరమ్మా."

"పెద్దదానిదే నిండైన గొంతు," అంది టీచరమ్మ.

"కుట్టు కూడా పెద్దదానిదే గట్టిది," అన్నారు మాస్టారు.

"చిన్నది మా చెల్లెలి గేటు కనిపిస్తే చాలు వేడెక్కిపోతోంది. నాదీ పెద్దదే," అన్నాను నేను.

అతను మా ముగ్గురి వంకా ఒక్కొక్కరినే చూశాడు. "ముగ్గురూ అదే అంటారా?"

"అదే."

"ఇంక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదంటారా?"

"అక్కర్లేదు. తేలిపోయింది."

అతను ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయితే అదే," అన్నాడు. చూపు ఇంకా తగ్గిందని తెలిసినవాడిలా మొహం పెట్టాడు. సంతోషం ఎక్కువైనా మనుషులు అలాగే ఉంటారనుకుని నేను చప్పట్లు కొట్టాను.

పెద్ద బండి నెలరోజుల్లో ఇస్తామన్నారు. దానికి బదులుగా కొంగని షోరూంవాళ్ళే తీసుకుంటారు. వీధంతా ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం కిటికీ దగ్గర నించి కొన్ని చిత్రాలు చూశాను.

మంగళవారం తొమ్మిదిన్నరకి కళ్ళద్దాలాయన బండి, పీట సిద్ధం చేసుకుని మాస్టారి ఇంటి ముందు ఆగాడు.

"మాస్టారూ, ఎందుకైనా మంచిది, సీటు ఇంకోసారి..."

"సీటు తేలిపోయిందిగా నాయనా! మొన్న అందరి ఎదటా చెప్పానుగా. ఇంక ఊరికే ఎక్కి తిరగడానికి నేనేమన్నా పసివాణ్ణా?"

అతను పీట మళ్ళీ కట్టుకుని ఒక్కడే వెనక్కి వచ్చాడు. శుక్రవారం కూడా అంతే. బుధవారం టీచరమ్మ దగ్గరికి వెళ్ళాడు. "బడికి నేను మెట్లెక్కి పోతాలెండి" అని ఆమె గొడుగు తీసుకుంది. మొదటి ఆదివారం నా దగ్గరికే వచ్చాడు.

"అక్కయ్యగారూ, మాట పరీక్ష ఇంకొక్కసారి..."

"తేలాక పరీక్షేమిటి తమ్ముడూ? నా మోకాళ్ళు కూడా మనుషుల మోకాళ్ళే!"

బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మా చెల్లెలు ఫోను చేసింది. "రాలేదేమే అక్కా? టీ పెట్టుకుని కూర్చున్నాను. ఈపాటికి ఆ బండి మా గేటు ముందు వేడెక్కాలిగా?"

ఏదో జవాబు చెప్పి పెట్టేశాను కానీ, మనసులో పురుగు దొలచడం మొదలుపెట్టింది. బయటికొచ్చి మాస్టారి అరుగు వైపు చూశాను. ఆయన కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో దాని వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసుకుంటున్నారు.

"మాస్టారూ, ఆసుపత్రికి వెళ్ళడం మానేశారా?"

"ఆ మెట్లు ఎవరెక్కుతారు చెల్లెమ్మా?"

"మానేస్తే ఎలాగండీ?"

"నెల్లాళ్ళు మానేస్తే మళ్ళీ బిగుసుకుపోతుందన్నారు. పోనీ. యాభై ఏళ్ళు కుట్టినవాడికి ఇంక సూదెందుకు?" అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు పొద్దున్నే కళ్ళద్దాల మర బిగించాలని వంక పెట్టుకుని షాపుకి వెళ్ళాను. మర బాగానే ఉంది. దారిలో నేనే వదులు చేశాను. అతను లోపలి గదిలోకి వెళ్ళాడు. బల్లమీద చెక్కపెట్టె ఉంది. వచ్చినవాళ్ళ చూపు వివరాలు రాసుకునే కార్డులు అందులో ఉంటాయి. వాటి వెనక విడిగా మూడు కార్డులున్నాయి. పైన 'వెనక సీటు' అని రాసి ఉంది. తియ్యకూడదని నాకు తెలుసు. తీశాను.

మొదటిది నాదే. చేతిరాత ముత్యాల్లా ఉంది.

'మాట పరీక్ష. నెలలో మొదటి ఆదివారం. కుడి మోకాలు, ఎడమవైపు నించి ఎక్కించాలి. చెల్లెల్ని చూడక ఏడు నెలలయిందట, మోకాలి సంగతి ఎవరికీ చెప్పరు. గేటు దగ్గర ఇంజను వేడెక్కాలి. గంటన్నర.'

రెండోది టీచరమ్మది. 'చప్పుడు పరీక్ష. బుధవారం. ట్యాంకు ఎత్తు మీది బడిలో పాట నేర్పాలి. మెట్లెక్కితే ఆయాసం, గొంతు పలకదు.'

మూడోది మాస్టారిది. 'సీటు పరీక్ష. మంగళ, శుక్ర, పదింటికి. వ్యాయామం గంట. అంతసేపూ షోరూంలో బేరమాడాలి.'

మూడింటి కిందా ఒకటే గీత గీసి, దాని కింద ఇలా ఉంది: 'పాతది: పీట వేస్తే ఎక్కగలరు. పెద్దది: పీట మీద పీట వేసినా ఎక్కలేరు.' ఇంకా కింద, 'అభిప్రాయం: ఏ బండి?' అని ఒక గడి. మూడు కార్డుల్లోనూ ఆ గడి ఖాళీ.

నిజం చెప్పాలంటే, నాకు మొదట వచ్చింది కోపం. రెండేళ్ళు గొంతు చించుకుని నేను చెప్పిన అభిప్రాయాల్లో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు! ఆ తరవాత సిగ్గేసింది. వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా, ఎందుకు పొంగాయో కనుక్కుని గానీ నిద్రపోను. నా కిందే ఒక ఇంజను పన్నెండుసార్లు వేడెక్కితే, ఒక్కసారి వంగి చెయ్యి పెట్టి చూడలేదు.

ఇంకో పని కూడా చేశాను. బల్లమీది పెన్సిలు తీసి, నా కార్డు గడిలో ఐదో తరగతి అక్షరాలతో రెండు ముక్కలు రాశాను. మూడూ వెనక పెట్టేసి, అతను వచ్చేసరికి గోడమీది అక్షరాలు చదువుతున్నాను.

నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఉన్నమాట చెప్తే ఆయన చచ్చినా ఆ బండెక్కరు. అబద్ధం చెప్తే నాకు నిలవదు, సాయంత్రానికల్లా నేనే బయటపెట్టేస్తాను. అదృష్టవశాత్తూ నిజంలోనే ఒక మంచి ముక్క దొరికింది.

"మాస్టారూ, ఘోరం జరిగింది. మీరు సీటు గురించి చెప్పినవేవీ అతను రాసుకోలేదు."

"ఏమిటీ?"

"నా కళ్ళతో చూశాను. గడి ఖాళీ."

మాస్టారు నిలబడ్డారు. "ఇన్నాళ్ళు చెప్పింది? మెత్త చివర పల్చబడిందని, నడుము దగ్గర కుట్టు వదులైందని, ఒక్కటీ రాసుకోలేదా?"

"ఒక్కటీ."

"ఆ కుట్టు ఏ బండిదో అయినా రాసుకున్నాడా?"

"అదీ లేదు."

చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని ఆయన విసవిసా బయల్దేరారు. వెనకాల నేను, కుంటుకుంటూ. మోకాలు అడ్డొచ్చినా లెక్కచెయ్యలేదు, ఆ దృశ్యం తప్పిపోతుందేమోనని.

"ఏమయ్యా! నా మాటలంటే అంత అలుసా నీకు?" అన్నారు షాపు గుమ్మంలోనే. "రాసుకోకుండా పెద్ద బండి ఎలా ఖాయం చేశావు? మళ్ళీ మొదట్నించి చూడాలి. ఈసారి నా ఎదురుగా రాయి. మంగళవారం ఎన్నింటికి?"

కళ్ళద్దాలాయన మాస్టారిని చూశాడు, నన్ను చూశాడు, చెక్కపెట్టెని చూశాడు. నేను గోడమీది అక్షరాలు ఇంకాస్త శ్రద్ధగా చదివాను.

"పదింటికండీ మాస్టారూ," అన్నాడు.

షోరూంలో టై కట్టుకున్నాయనకి పెద్ద బండి కొంతకాలం ఆపమని చెప్పడానికి నేనే వెళ్ళాను, మాట పరీక్ష పేరు చెప్పి కొంగ మీదే. ఆయన కోప్పడతాడనుకున్నాను. "మాకు తెలుసండీ అమ్మగారూ," అన్నాడు. "వారానికి రెండుసార్లు వచ్చి గంటసేపు బేరమాడతారు, కళ్ళు మాత్రం ఆసుపత్రి గేటు మీదే ఉంటాయి. ఆ పెద్దాయన బయటికి రాగానే, ఆలోచించి చెప్తానని లేచిపోతారు. మీ కళ్ళద్దాలాయన కూర్చోవడానికని మేమొక కుర్చీ కూడా వేశాం."

ఊరంతటికీ తెలుసు. కిటికీ దగ్గర కూర్చున్నదానికి తప్ప.

మరో మూడు నెలలు సీటు పరీక్ష నడిచింది. ఒక మంగళవారం మాస్టారు చంకలో ఒక మూట పెట్టుకుని వచ్చారు. విప్పితే కొత్త సీటు తొడుగు. చివర్లో మెత్త మందంగా, నడుము దగ్గర బిగువుగా ఉంది. కుట్టు మాత్రం మొదట్లో తాగినవాడి నడకలా వంకరలు పోయి, మధ్యకి వచ్చేసరికి కుదురుకుని, చివరికి గీత గీసినట్టు తిన్నగా ఉంది.

"కుడిచేత్తోనే కుట్టాను," అన్నారు, ఎటో చూస్తూ. "నీ పాత సీటు అధ్వాన్నంగా ఉంది. ఎన్నాళ్ళని చెప్పను? ఇంక చెప్పు. ఇదా, అదా?"

వీధిలో అందరం చుట్టూ మూగాం. కళ్ళద్దాలాయన ఆ వంకర కుట్టు మీద వేలు పెట్టి, తిన్నగా అయిన చోటు దాకా నడిపించాడు.

"ఇదే," అన్నాడు.

మళ్ళీ ఇది చూపించమనలేదు. మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వదినగారూ, విన్నారా? ఒక్కసారే అన్నారు!"

తరవాత ఆ కొంగ మీదే మరదల్ని ఎక్కించుకుని నీలం కొండ దాటి వచ్చాడు. ఒక్క పూట కాదు, రెండు రోజులు పట్టిందట. ఏముందయ్యా అవతల అని అడిగాను.

"ఇంకో కొండ ఉందండీ అక్కయ్యగారూ. ఇది బాగుందో, అది బాగుందో ఇంకా తేలలేదు."

బండి సంగతి తేలిపోయింది కాబట్టి వెనక సీటు పరీక్షలు కూడా అయిపోయాయని మీరనుకుంటారు. మర్నాడే మొదలుపెట్టాడు, బండి పక్క అద్దాలు గుండ్రటివి మంచివా, పలకలవి మంచివా అని. ఎత్తు ఎక్కేటప్పుడే అది తెలుస్తుందట. మాస్టారికి ఇంకా కొన్ని వారాల వ్యాయామం మిగిలుంది. ఏడాదిలోపల తేలే విషయం కాదని నేను గట్టిగా చెప్పాను.

మొన్న ఆదివారం నీళ్ళ ట్యాంకు ఎత్తు ఎక్కుతున్నాం. నడిచి వెళ్ళేవాళ్ళిద్దరు మమ్మల్ని పలకరించి దాటిపోయారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాను. అతను తల కాస్త వెనక్కి తిప్పాడు.

"అక్కయ్యగారూ, మా పెట్టెలో ఒక కార్డు ఉందండీ. ఖాళీ గడిలో ఎవరో పెన్సిలుతో 'పాతది, మాట బాగా వినిపిస్తోంది' అని రాశారు. మీకేమైనా తెలుసా?"

చీమ చిటుక్కుమన్నా వినిపించే చెవులు నావి. వీధి చివర గుసగుసలాడినా నాకు అందుతుంది.

"ఏమిటీ?" అని అరిచాను. "ఒక్క ముక్క వినపడటంలేదు తమ్ముడూ!"

అతని భుజాలు నవ్వుతో కదిలాయి. "అయితే మాట పరీక్ష మళ్ళీ మొదట్నించి పెట్టాలండీ."

"పెట్టు," అన్నాను. "ముందు ఆ గేటు దగ్గర ఆపు. ఇంజను వేడెక్కింది."